మా కొట్టంలో గాలికుంటు

పొదటూరుపేట మగ్గాల ఊరు. తెల్లవారకముందే మగ్గాల చప్పుడు మొదలవుతుంది. పొరుగూరినుంచి వచ్చిన చుట్టాలకు మొదటి రాత్రి నిద్ర పట్టదు. మాకేమో ఆ చప్పుడు ఆగితేనే మెలకువ వస్తుంది. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లానుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. "చిత్తూరు జిల్లావాళ్లంగా పడుకుని చెంగల్పట్టు జిల్లావాళ్లంగా లేచినాము" అని మా నాయన నవ్వేవారు. జిల్లా మారింది గాని ఇంట్లో మాట మారలేదు. పెరట్లో ఆవూ మారలేదు.

అవును, నేతవారి ఇళ్లలో కూడా ఆవు వుండేది. ఒక్కటే. పూటకు శేరో శేరున్నరో పాలిచ్చే నాటు ఆవు. పగలంతా చెరువు కట్టమీద మేసి, సాయంత్రం తానే దారి తెలుసుకుని వచ్చేది. పిల్లలకు పాలు, పెద్దలకు మజ్జిగ, అలుకుడుకు పేడ. అమ్ముకోవడానికి మిగిలేది కాదు. దానికోసం అప్పు చేసినవారూ లేరు, దానివల్ల అప్పు తీర్చినవారూ లేరు.

మా అవ్వ పెద్దరోగం సంగతి చెప్పేది. కొందరు దాన్నే ముసర అంటారు. గొడ్డు మేత మాని, కళ్లవెంట నీరు కార్చి, నోరు పుండై, పారుడు పట్టి, వారం పది రోజుల్లో పోయేది. దుక్కిటెద్దులు పోయి దున్నేవారు లేక పొలాలు బీడుపడేవట. ఊరివారు గంగమ్మకు పొంగళ్లు పెట్టి, కొట్టాలకు వేపమండలు కట్టి, మరో పని కూడా చేసేవారట: రోగం చల్లారేదాకా పరాయి ఊరి గొడ్డును పొలిమేర దాటనిచ్చేవారు కారు, తమ గొడ్డును బయటికి తోలేవారు కారు. పొంగలి అమ్మవారికి, కట్టుబాటు గొడ్డుకు. చిన్నతనంలో మేము పొంగలి సంగతే జ్ఞాపకం పెట్టుకున్నాము. కట్టుబాటు సంగతి మరిచిపోయాము. ఆ మరుపు మాకు యెంత ఖరీదైనదో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ముందు ఆ పెద్దరోగం ఏమైందో చెప్పాలి. దేశమంతటా దానిని తుడిచిపెట్టే పథకం 1954లో మొదలైంది. టీకాలు వేసే మనుషులు ఊరూరా తిరిగారు. మాకు దగ్గరగా రాణిపేటలో పశువుల టీకాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ వున్నది. అది 1932లో ఆరంభమైనది. మనదేశంలో ఆ రోగం చివరిసారి కనబడింది యెక్కడో కాదు, మన తమిళనాట ఉత్తరార్కాడు వైపే, 1995లో. 2011లో ప్రపంచంలోనే అది లేకుండా పోయిందని ప్రకటించారు. మనుషుల్లో మశూచి తరువాత భూమిమీదనుంచి పూర్తిగా పోయిన రోగం అదొక్కటే. మా అవ్వ బతికి వుంటే నమ్మేది కాదు.

ఇక మా కథ. మగ్గం కూలి నూలు ధరతో సమంగా పెరగలేదు. చేనేత వెనుకబడి మరమగ్గాలు వచ్చాయి; వాటికీ మంచిరోజులు, చెడ్డరోజులు. పనిలేని నెలల్లో ఇల్లు గడవడానికి పాడి మేలని మా తమ్ముడు అన్నాడు. మాకూ సబబుగానే తోచింది. పాల బండి వీధి చివరికే వచ్చేది, పది రోజులకొకసారి డబ్బు చేతికందేది. బ్యాంకులో మూడు లక్షలు అప్పు తీసి, చేతి డబ్బు కొంత వేసి, ఎనిమిది సంకరజాతి ఆవులను కొన్నాము. మమ్మల్ని చూసి పక్కింటివారు నాలుగు కొన్నారు, ఆ పక్కవారు ఆరు. రెండేళ్లలో మా వీధిలో మనుషులకన్న ఆవులు ఎక్కువైనాయని వేళాకోళం చేసేవారు. కొట్టానికి కొట్టం ఆనుకుని వుండేది. నీళ్లతొట్టి నాలుగిళ్లకూ ఒకటే.

లెక్క బాగానే కనబడింది. ఎనిమిది ఆవులకు రోజుకు ఎనభై లీటర్లు. లీటరు ఇరవై రూపాయల చొప్పున పదహారు వందలు. తవుడు, చెక్క, గడ్డి, కూలి కలిపి వెయ్యి. మిగిలేది ఆరువందలు, అంటే నెలకు పద్ధెనిమిది వేలు. అందులో బ్యాంకు వాయిదా తొమ్మిది వేల చిల్లర. మిగతాది ఇంటికి. ఆ లెక్కలో రోగానికి గడి లేదు. వేసిన మాకూ తోచలేదు, చూసి అప్పిచ్చినవారూ అడగలేదు.

2013లో దక్షిణ దేశమంతా గాలికుంటు చెలరేగింది. కన్నడ దేశంలో వేలకొద్దీ పశువులు పోయాయి; తమిళనాట కూడా పలు జిల్లాల్లో పాకింది. తమిళులు దీనినే కోమారి అంటారు. ఆ యేడు టీకా వేస్తామని పశువైద్యశాలవారు మా వీధికి వచ్చారు. మేము వద్దన్నాము. దాచుకోవడమెందుకు, ఉన్నదే చెబుతున్నాము. టీకా వేస్తే నాలుగు రోజులు పాలు తగ్గుతాయనీ, చూలు ఆవులు ఈచుకుపోతాయనీ వీధిలో ఒక మాట వున్నది. నాలుగు రోజులకు ఎనభై లీటర్లలో పది, పదిహేను తగ్గితే వాయిదాకు తడుముకోవాలే అని లెక్కవేశాము. "వచ్చే నెల చూస్తామండి" అని మర్యాదగా పంపివేశాము. మా మాట విని మరి రెండిళ్లవారు కూడా వద్దన్నారు.

దీపావళికి ముందు మా తమ్ముడు సంతలో ఒక ఆవును చవకగా కొన్నాడు. చవక యెందుకని అడగలేదు. తెచ్చిన రోజే మిగతావాటి పక్కన కట్టివేశాము. నాలుగో రోజు అది చొంగ కార్చింది. నోట్లో బొబ్బ, గిట్టల సందున పుండు. ఆరో రోజుకు మరో మూడు. అవి మేత ముట్టవు, నిలబడలేవు, కాలు విదిలిస్తూ మూలుగుతాయి. రాత్రి కొట్టంలో ఆ మూలుగు విన్నవారికి మగ్గం చప్పుడు గూడా వినబడదు.

ఇక్కడ మేము చేసిన రెండో తప్పు చెప్పాలి. మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. చెబితే పాల బండివారు మా వీధి పాలు మానివేస్తారని భయం. ఆ మూడు రోజులూ నీళ్లతొట్టి నాలుగిళ్లకూ ఒకటిగానే వున్నది. మా కాళ్లూ ఆ కొట్టంలో తిరిగి వీధిలో తిరుగుతూనే వున్నాయి. ఈ రోగం చొంగలో వుంటుంది, పాలలో వుంటుంది, పేడలో, చెప్పుల అడుగున, పాల క్యాను అంచున వుంటుంది. గాలిలో కూడా కొంత దూరం పోతుంది. పైగా పుండ్లు బయటపడకముందే గొడ్డు రోగాన్ని పంచిపెట్టడం మొదలుపెడుతుంది. మేము దాచింది మూడు రోజులే గాని, అది అంతకుముందే బయలుదేరింది.

నాలుగో రోజున డాక్టరుగారిని పిలిచాము. ఆయన మందలించలేదు. అదే మాకు ఎక్కువ సిగ్గయింది. "దీనికి రోగాన్ని చంపే మందు లేదు. పుండ్లు కడగండి, రాగి అంబలి తాగించండి, చల్లని చోట కట్టండి, వేరే కొట్టంవైపు పోకండి" అని చెప్పారు. ఊదారంగు పరమాంగనేటు నీళ్లతో నోళ్లు, గిట్టలు కడిగాము. మా ఆడవారు రాత్రింబవళ్లు వెదురుగొట్టంతో అంబలి పోశారు. పెద్ద ఆవులు ఒక్కటీ చావలేదు. రెండు దూడలు మాత్రం తల్లి దగ్గర పాలు తాగుతూనే పడిపోయాయి. ఈ రోగం లేదూడల గుండెను పట్టుకుంటుందని అప్పుడే తెలిసింది.

ఆవులు బతికాయి గదా, ఇక నష్టమేమిటని చుట్టాలు అడిగారు. నష్టం అక్కడే వున్నది. పాలు ఎనభై లీటర్లనుంచి పాతికకు పడ్డాయి. పాతిక లీటర్లకు ఐదువందలు వస్తుంది; మేతకు ఎనిమిది వందలు పోతుంది. రోజుకు మూడువందలు చేతినుంచి. గాలికుంటు వచ్చిన ఆవు ఆ ఈతలో మునుపటి పాలకు రావడం అరుదు. ఒకదానికి పొదుగు వాచి రెండు చన్నులు పోయాయి. మరొకటి ఆ తరువాత యెండ తగిలితే చాలు, కుక్కలాగా రొప్పేది. సకాలంలో ఎదకు రాలేదు. మూడు నెలలు ఇట్లా గడిచేసరికి చేతినుంచి పోయింది ఇరవైయేడు వేలు, మూడు వాయిదాలు మరో ఇరవైయేడు వేలు, మందుల ఖర్చు వేరే. బీమా కంపెనీకి వెళ్లాము. గొడ్డు చస్తేనే డబ్బు అన్నారు. కాగితంలో అట్లాగే రాసి వున్నది. వారి తప్పు లేదు. చచ్చిన ఆవుకు బీమా వున్నది, బతికి పాలివ్వని ఆవుకు లేదు. పాడిరైతును ముంచేది మాత్రం ఎక్కువగా ఆ రెండోదే.

నేతవారం గనుక మాకొక సంగతి తట్టింది. మగ్గం ఆగితే అది అన్నం అడగదు. దుమ్ము దులిపి మళ్లీ ఎక్కించుకోవచ్చు. ఆవు పాలు ఆపినా మేత ఆపదు. ఆదాయం ఆగి ఖర్చు ఆగని వృత్తిని అప్పుమీద మొదలుపెట్టేటప్పుడు, మూడు నెలల మేతకూ వాయిదాలకూ సరిపడే డబ్బు పక్కన పెట్టుకున్నవాడే మొదలుపెట్టాలి. ఇది ఎనిమిది ఆవులున్నవాడికీ వర్తిస్తుంది, ఎనభై వేల కోళ్లున్నవాడికీ వర్తిస్తుంది.

చివరికి మూడు ఆవులను అమ్మివేశాము. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. రోగం వచ్చిన ఊళ్లో దళారులు కాకులకన్న ముందు వాలతారు. నలభై వేలు పోసి కొన్నదానికి పన్నెండు వేలు ఇచ్చారు. ఆ ఆవులు ఆ తరువాత ఏ సంతకు పోయాయో, ఏ కొట్టంలో చేరాయో మేము అడగలేదు. చవకగా కొన్నప్పుడూ అడగలేదు, చవకగా అమ్మినప్పుడూ అడగలేదు.

ఇదంతా మా నష్టం. మాకన్న పెద్ద నష్టం మా వీధి చివర జరిగింది. అక్కడ మాకు అక్క వరస అయిన ఒకామె వుండేది. భర్త పోయాడు, పిల్లలు చిన్నవారు. ఆమెకు ఒక్కటే ఆవు. నాలుగిళ్లకు పాలు పోసి బతికేది. ఆ ఆవు ఏడు నెలల చూలు. మా తొట్టిలోనే నీళ్లు తాగేది. దానికి గాలికుంటు వచ్చి ఈచుకుపోయింది, పాలూ పోయాయి. మా లెక్కలో అది నూరింట ఒక వంతు గూడా కాదు. ఆమెకు మొత్తం అదే. మేము వెళ్లి తప్పు ఒప్పుకున్నాము. ఆమె కొట్టంలోనుంచి లేవకుండానే, "చెప్పింటే తొట్టికాడికి తోలకపోదును గదా నాయనా" అన్నది. అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మా ఆవుల్లో పెయ్యదూడ ఒకటి ఆమెకు ఇచ్చాము. పెయ్య పెరిగి, ఈని, పాలివ్వడానికి మూడేళ్లు. ఆ మూడేళ్లూ ఆమె బీడీలు చుట్టింది.

పెద్దరోగాన్ని తరిమినట్టు దీనినెందుకు తరమలేకపోయారని మేము డాక్టరుగారిని అడిగాము. ఆయన చెప్పిన దాని సారం ఇది: పెద్దరోగానికి ఒక్క టీకా పడితే గొడ్డుకు దాదాపు బతికినంతకాలం రక్ష. గాలికుంటులో రకాలున్నాయి, మనదేశంలో తిరిగేవి మూడు. ఒకదాని రక్ష మరోదానికి చాలదు, అందుకని టీకాలో మూడూ కలుపుతారు. ఆ రక్ష కూడా ఆరు నెలలే. ఏటా రెండుసార్లు, దూడలకు నాలుగో నెలలో మొదలుపెట్టి, తప్పకుండా వేయాలి. టీకా తయారైన చోటునుంచి ఆవు మెడదాకా చల్లదనంలోనే వుండాలి. యెండలో పెట్టిన టీకా నీళ్లతో సమానం. వీధిలో పది కొట్టాలకు ఎనిమిది వేయించుకుని రెండు మానివేస్తే, రోగానికి ఆ రెండే వాకిళ్లు.

మా ప్రాంతానికి ఇంకొక చిక్కు వున్నది. ఒక ఊరు తమిళనాడు, పక్క ఊరు ఆంధ్రం. సంత ఒకటే, చుట్టరికం ఒకటే, గొడ్లు అటూ ఇటూ తిరుగుతూనే వుంటాయి. ఇటువైపు టీకా వేసిన వారంలోనే అటువైపు వేయాలని లేదు. 1960లో గీసిన గీత కాగితంమీద వున్నది. గాలికుంటుకు చదువు రాదు.

ఇది పేద దేశాల కథేమీ కాదు. 1997లో తైవాను దీవిలో పందులకు ఇదే గాలికుంటు వచ్చింది. లక్షల పందులను చంపివేశారు. జపానుకు మాంసం పంపే వ్యాపారం ఒక్క దెబ్బతో ఆగిపోయింది. 2001లో ఇంగ్లండులో వచ్చినప్పుడు అరవై లక్షలకు పైగా పశువులను చంపి కాల్చారు, పూడ్చారు. నష్టం సుమారు ఎనిమిది వందల కోట్ల పౌన్లు. అందులో పెద్ద భాగం పశువులు లేనివారికే తగిలింది: పల్లెదారులు మూసివేశారు గనుక యాత్రికులు రాక, పూటకూళ్ల ఇళ్లూ దుకాణాలూ పడుకున్నాయి. రోగం వచ్చిన గొడ్డుకన్న రాని గొడ్డు యజమాని ఎక్కువ నష్టపోయే సందర్భాలు వున్నాయన్నమాట.

దీనిని మేము మా చిన్నాయన కొడుకు ఇంట్లో కళ్లారా చూశాము. అతడు నగరి దగ్గర ఐదువేల కోళ్ల షెడ్డు కట్టాడు. పిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, నీళ్లు, కరెంటు, చాకిరీ ఇతనివి. నలభై రోజులు పెంచి ఇస్తే కిలోకింత అని కూలి. మనదేశంలో కోళ్లకు పక్షిజ్వరం మొదట 2006లో మహారాష్ట్రలోని నవాపూరులో బయటపడింది. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా చాటగుట్ల, గుమ్మళ్లదిబ్బలలో వచ్చింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో, తణుకు దగ్గరి వేల్పూరులోను, పెరవలి మండలం కానూరులోను నిర్ధారణ అయింది. అవి కోళ్ల ఫారాలు దగ్గరదగ్గరగా వున్న సీమలు. రోగం కనబడిన చోటికి కిలోమీటరు లోపల కోళ్లను చంపి పూడ్చాలి. పది కిలోమీటర్లదాకా నిఘా వుంటుంది. తెలంగాణావారు సరిహద్దులో కోళ్ల లారీలను వెనక్కి తిప్పారు. జనం కోడికూర మానివేశారు. బాగా ఉడికించినదానికి భయం లేదని చెప్పడానికి కొన్ని పట్టణాల్లో మేళాలు పెట్టి ఊరికే వడ్డించవలసి వచ్చింది.

నగరిలో ఒక్క కోడీ తుమ్మలేదు. అయినా మా తమ్ముడి షెడ్డుకు ఎనిమిది వారాలు పిల్లలు రాలేదు. ధర లేనప్పుడు కంపెనీవారు పిల్లలను దించరు. చంపిన కోళ్లకు ప్రభుత్వం పరిహారమిస్తుంది; చంపని కోళ్లకు, రాని పిల్లలకు, ఖాళీ షెడ్డుకు యెవరిస్తారు? "మూడు సంవత్సరాలు నా షెడ్డులో లాభం వేరేవాళ్లది, ఈ రెండు నెలలు నష్టం మాత్రం నాదా అన్నా?" అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. ఒప్పందం కాగితం తీసి చూశాము. పిల్లలు రాని రోజుల గురించి అందులో ఒక్క వాక్యం లేదు.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకున్నట్టే గాని, మేము కొన్ని కట్టుబాట్లు చేసుకున్నాము. నాలుగిళ్ల తొట్టి తీసివేసి యెవరి తొట్టి వారు కట్టుకున్నాము. కొత్త ఆవు వస్తే మూడు వారాలు ఊరి బయట మామిడితోపులో విడిగా కట్టాలి. గొడ్డు చొంగ కార్చితే ఆ పూటే వీధికి చెప్పాలి. చెప్పినవాడి పాలు ఆగితే, మిగతావారు అతని మేతకు తలా ఇంత వేసుకోవాలి. ఈ చివరి మాటకే ఎక్కువ వాదన జరిగింది. కాని అది లేకపోతే ముందు రెండు మాటలూ నిలవవు. మేము మూడు రోజులు దాచింది దుర్మార్గంతో కాదు, వాయిదా భయంతో. భయం తీరనివ్వకుండా నిజం చెప్పమంటే ఎవరు చెబుతారు?

2019లో కేంద్ర ప్రభుత్వం గాలికుంటును దేశమంతటా అదుపు చేయడానికి పెద్ద పథకం పెట్టింది. టీకాకు డబ్బు లేదు. ప్రతి గొడ్డు చెవికీ పన్నెండంకెల పసుపు బిళ్ల వేస్తారు. మా అవ్వ కాలపు కట్టుబాటును ఇప్పుడు కంప్యూటరులో రాస్తున్నారన్నమాట. మంచిదే. బిళ్ల వేయించుకోవడానికి గొడ్డును కట్టి నిలబెట్టవలసినవారం మాత్రం మనమే.

ఈ పత్రిక చదివే కుటుంబాల్లో చాలామంది ఊరు విడిచి ఏనాడో నగరాల్లో స్థిరపడ్డారు. ఊళ్లోని తమ్ముడికో మేనల్లుడికో ఆవులు కొనుక్కోమని, షెడ్డు కట్టుకోమని డబ్బు పంపుతుంటారు. అది పుణ్యమే. పంపేముందు రెండు మాటలు అడగండి: మూడు నెలలు రాబడి ఆగితే ఎట్లా? పక్క కొట్టంవాడు టీకా వేయించాడా? ఎన్ని లీటర్లు, ఎన్ని కోళ్లు అని తరువాత అడగవచ్చు.

ఇప్పుడు మాకు ఐదు ఆవులు. మేమిచ్చిన పెయ్య మూడో ఈత ఈనింది. టీకావారు వీధి మొదట్లో కనబడగానే ఆ అక్క తన ఆవును కట్టివేసి, నేరుగా మా ఇంటికి వస్తుంది. వాకిట్లో నిలబడి, "మీ గొడ్లు కట్టినారా?" అని ఒక్క మాట అడుగుతుంది. కట్టినామంటే గాని కదలదు.